ఘంటసాల వెంకటేశ్వరరావు

ఘంటసాల వెంకటేశ్వరరావు (1922 డిసెంబరు 4 - 1974 ఫిబ్రవరి 11) తెలుగు చలనచిత్ర నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. సినిమా పాటల వల్ల ఇంటింటా పేరొందినప్పటికీ ఆయన విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం అభ్యసించిన విద్వాంసుడు. ఆ చదువు కోసం ఆయన పడిన కష్టాలు ఈనాటి విద్యార్థులకు నమ్మశక్యం కానివి.

బాల్యం

కొల్లేరు సరస్సుకు నైరుతి దిశగా ఉన్న గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లి గ్రామంలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు ఘంటసాల జన్మించాడు. సూరయ్య నారాయణతీర్థుల తరంగాలను మృదంగం వాయిస్తూ గానం చేసేవాడు. ఆ తరంగాలకు నాట్యం చేసిన బాలుణ్ణి ఊరివారు బాల భరతుడని పిలిచేవారు. ఘంటసాల పదకొండవ ఏట సూరయ్య మరణించాడు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. అటుపై కుటుంబ భారాన్ని మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య వహించాడు.

సంగీత విద్య

తండ్రి కోరిక తీర్చాలని ఘంటసాల మొదట కొందరు విద్వాంసుల ఇళ్ళలో చేరి బట్టలుతికాడు, వంట చేశాడు. రెండేళ్ళు గడిచినా అబ్బిన సంగీతం స్వల్పమే. చివరకు వేలి ఉంగరం అమ్ముకొని ఒంటరిగా విజయనగరం చేరుకున్నాడు. అక్కడి మహారాజావారి సంగీత కళాశాల 1919లో స్థాపించబడింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రధానాచార్యుడు కాగా, 1936 నుండి వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ పదవి నిర్వహించాడు.

ఘంటసాల వెళ్ళినపుడు వేసవి సెలవుల వలన కళాశాల మూసి ఉంది. బ్రతిమాలగా ఆవరణలో బస చేయడానికి అనుమతి లభించింది. భోజనానికి వారాలు కుదుర్చుకున్నాడు. వారాలు అంటే వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క గృహస్థు ఇంట పేద విద్యార్థి భోజనం చేయడం. ఆ రోజుల్లో ఎందరో ఇలాగే చదువుకున్నారు. ఇంతలో తోటి విద్యార్థులు చేసిన తప్పు ఒకటి ఈయన మీద పడి బస పోయింది. ఆ వార్త తెలిసి వారాలిచ్చే ఇళ్ళవారు కూడా తలుపులు మూసుకున్నారు. ఊరిలోని గుడిలో తలదాచుకున్నాడు.

ఆ దశలో కళాశాలలో గాత్రం బోధించే పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీశాడు. శాస్త్రిగారు బీదవాడు. ఇంట చోటిచ్చి రుసుము లేకుండా విద్య చెప్పగలిగాడు కాని, అన్నం పెట్టే స్తోమత ఆయనకు లేదు. అందువలన ఘంటసాల జోలె కట్టుకొని మధుకరానికి, అనగా ఇంటింటా అన్నం యాచించడానికి బయలుదేరాడు. ఒకసారి తెచ్చినది రెండు పూటలకూ రావాలి. రాత్రికని గుడ్డలో మూటగట్టి దాచిన అన్నానికి చీమలు పట్టేవి. మేనమామ పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కున్న తరువాతనే ఆ బాధ తప్పింది.

సెలవుల అనంతరం కళాశాలలో చేరి, నాలుగేళ్ళ పాఠ్యక్రమాన్ని రెండేళ్ళలో ముగించాడు. విజయనగరంలో కచేరి చేసి పేరు తెచ్చుకొని స్వగ్రామానికి తిరిగివచ్చాడు. ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో పాడుతూ సంగీత పాఠాలు చెప్పేవాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించాడు. 1944 మార్చి 4న సావిత్రితో వివాహం జరిగిన సాయంత్రం, తన పెళ్ళికి తానే కచేరి చేశాడు.

సినిమా జీవితం

సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో, కచేరీల సంపాదనకు కొంత అప్పు జోడించుకొని మద్రాసు వెళ్ళాడు. తొలినాళ్ళలో పానగల్ పార్కులో రాత్రులు గడిపాడు. ఆకాశవాణిలో లలితగీతాలు పాడాడు. సీతారామ జననం (1944) చిత్రంలో బృందగానంలో గొంతు కలిపాడు. స్వర్గసీమ (1945)లో భానుమతితో కలిసి పాడిన పాటతో నేపథ్య గాయకుడయ్యాడు. మనదేశం (1949), పాతాళభైరవి (1951) చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించాడు. మాయాబజార్ (1957)లో కొన్ని బాణీలు సాలూరు రాజేశ్వరరావు కట్టినవి. ఆయన తప్పుకోగా మిగిలిన సంగీతమంతా ఘంటసాల పూర్తిచేశాడు.

ఆయన చదివిన శాస్త్రీయ సంగీతం అన్నింటికంటే స్పష్టంగా తెలిసేది పద్యంలో. రంగస్థలం మీద పద్యాన్ని దీర్ఘమైన రాగాలాపనతో సాగదీయడం నాడు పరిపాటి. ఘంటసాల ఆలాపనను కుదించి, పద విభజన చెడకుండా, అర్థానికి తగిన రాగం ఎన్నుకొని పాడాడు. కరుణశ్రీ పుష్పవిలాపం, కుంతీ విలాపం పద్యాలు ఇందుకు తార్కాణాలు. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో జయభేరి (1959), జగదేకవీరుని కథ (1961) చిత్రాలలో పాడిన శాస్త్రీయ గీతాలు సాధన లేని కంఠానికి లొంగేవి కావు. హిందుస్తానీ విద్వాంసుడు బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినపుడు ఘంటసాల ఇంట ఆతిథ్యం స్వీకరించేవాడు.

అన్నం పెట్టలేకపోయిన గురువు ఇంటితో ఆయన బంధం తెగలేదు. సీతారామశాస్త్రి కుమారుడు, హార్మోనియం విద్వాంసుడు పట్రాయని సంగీతరావు మద్రాసులో చిరకాలం ఘంటసాలకు సహాయకునిగా పనిచేశాడు.

చివరి సంవత్సరాలు

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రదానం చేసింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో కచేరీలు చేశాడు. ఆరోగ్యం క్షీణిస్తున్న కాలంలో భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో గానం చేశాడు. 51 ఏళ్ళ వయసులో మద్రాసులో మరణించాడు. ఆ గీతాగానం రికార్డు ఆయన మరణానంతరం విడుదలైంది. 2003 ఫిబ్రవరి 11న తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను వెలువరించింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆయన పేరు పెట్టారు.