స్పిన్ చెయ్యి కావాలె, కెప్టెన్సీ మాత్రం ఇయ్యరట!

లగాన్ సినిమాల కచ్రా యాదికున్నడా తమ్మీ? ఊరోళ్లు అంటరానోడని దూరం పెడ్తరు. గాయన వంకర చెయ్యితోని బంతిని గింగిరాలు తిప్పుతడు. సినిమా మంచిగనే ఉంటది గానీ నాకు అండ్ల ఒక్కటి మింగుడుపడది. కచ్రాకు స్పిన్ చేతి లోపంతోని వస్తది, నేర్చుకుంటే వచ్చింది కాదు. మనోళ్ల విద్య అంటే కష్టం కాదు, ఏదో వింత అన్నట్టు చూపెడ్తరు. అసొంటి బౌలర్ మన దేశంల నిజంగనే ఉండె. పేరు పల్వంకర్ బాలూ. ఆయన స్పిన్ వెనక ఏండ్ల చాకిరీ ఉన్నది.

1876ల ధార్వాడ్‌ల చమార్ కుటుంబంల పుట్టిండు. పుణెల పార్సీల క్లబ్బుల మొదటి కొలువు: పిచ్ ఊడ్చుడు, రోలర్ గుంజుడు. నెలకు 3 రూపాయలు. అటెన్క ఇంగ్లీషోళ్ల క్లబ్బుల 4 రూపాయలకు చేరిండు. నెట్లు కట్టేది ఆయనే, పిచ్ సాఫ్ చేసేది ఆయనే. గ్రెగ్ అనే పేరున్న బ్యాట్స్‌మన్ అందరికంటె ముందుగాల వచ్చి బాలూతోని బంతులు ఏయించుకునేటోడు. ఎడమచేతి స్పిన్ గట్ల గంటలకు గంటలు ఏసి ఏసి నేర్చిండు. అన్నేండ్లల్ల ఆయన చేతికి ఒక్కనాడు బ్యాట్ ఇయ్యలే. బ్యాటింగ్ దొరలది, బౌలింగ్ నౌకర్లది.

ఇంగ్లీషోళ్లను ఓడగొట్టాలంటే బాలూ కావాలని పుణె హిందూ జట్టుకు ఎరుకైంది. తీసుకున్నరు. గ్రౌండ్ల ఆయన ముట్టిన బంతిని అందరు ముట్టిండ్రు. ఆట ఆగంగనే చాయ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతల. పళ్లెం వేరే.

ప్లేగు రోగం వచ్చినంక బొంబాయికి పోయిండు. రైల్వేల కొలువు దొరికింది, హిందూ జింఖానా జట్టుల చోటు దొరికింది. 1906ల హిందువులు యూరోపియన్లను ఓడగొట్టిండ్రు. గా జట్టుల బాలూ, ఆయన తమ్ముడు శివరాం ఇద్దరున్నరు.

1911ల ఆలిండియా జట్టు ఇంగ్లండ్ పోయింది. గప్పటికి బాలూకు 35 ఏండ్లు. శానమందికి ఆట ముగిసే వయసు. గా టూర్ల 114 వికెట్లు తీసిండు. కెప్టెన్ ఎవరనుకున్నరు? 19 ఏండ్ల పటియాలా మహారాజు. కొన్ని మ్యాచులే ఆడిండు. రాజు గనుక కెప్టెన్. మన దేశం మొదటి టెస్ట్ ఆడింది 1932ల. గప్పటికి బాలూకు 56 ఏండ్లు. అందుకే టెస్ట్ రికార్డుల్ల ఆయన పేరు కనవడది. ఫస్ట్‌క్లాస్ లెక్క చూడుండ్రి: 33 మ్యాచులు, 179 వికెట్లు. ఆలస్యం ఆయన చెయ్యిల లేదు, దారి ఇయ్యనోళ్ల చేతుల ఉన్నది.

అంత ఆడినా హిందూ జట్టు కెప్టెన్సీ ఇయ్యలే. 1920ల ఆయనను జట్టులకెల్లి తీసేస్తే, తమ్ముళ్లు శివరాం, విఠల్ మేం ఆడమని తిరగబడ్డరు. ఆఖరికి బాలూను తెచ్చి వైస్ కెప్టెన్ చేసిండ్రు. 1923ల విఠల్ కెప్టెన్ అయ్యిండు, గా ఏడు కప్పు గెలిచిండ్రు. అన్న కొట్లాట తమ్ముడికి ఫలించింది.

ఇంకో మాట దాచకుండ చెప్పాలె. బాలూను యువకుడిగ అంబేడ్కర్ శాన ఇష్టపడ్డడు. కానీ 1937 ఎన్నికల్ల బొంబాయిల గాయన మీదనే కాంగ్రెస్ బాలూను నిలవెట్టింది. 2,000 పైచిలుకు ఓట్లతోని అంబేడ్కర్ గెలిచిండు. బాలూ రాజకీయం నాకు నచ్చది. వేరే నియోజకవర్గాల విషయంల కూడ ఆయన అంబేడ్కర్‌ను కాదన్నడు. అయినా ఇది కొత్త ముచ్చట కాదు: ఆటల వాడుకున్నోళ్లే కాదు, ఓట్లల్ల వాడుకునేటోళ్లు కూడ ఆయన ఇంటికొచ్చిండ్రు. మన పెద్దోళ్లను మన పెద్దోళ్ల మీదికే ఉసిగొల్పుడు ఇప్పటికీ నడుస్తనే ఉన్నది.

1955ల బాలూ కన్నుమూసిండు. ఎండకాలం మన ఊర్లల్ల టోర్నమెంట్లు పెడ్తరు గదా, ఒక్కసారి చూడుండ్రి. పిచ్ చదును చేసేది ఎవరు? టాస్‌కు పోయేది ఎవరు? రెండు పనులు వేరే వేరే వాడలోళ్లవి అయితే, గీ ఏడు టాస్‌కు రెండో వాడోడిని పంపుండ్రి.