పిడికెడు పిండికీ లెక్క చూసిన ఖలీఫా

హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) పేరు వినగానే మనకు ఆయన న్యాయం గుర్తుకొస్తుంది, ఆయన కాలంలోని విజయాలు గుర్తుకొస్తాయి. ఇరాఖ్, షామ్, ఈజిప్టు దేశాలు ఇస్లామీయ రాజ్యంలో చేరింది ఆయన పాలనలోనేనని పిల్లలకు చెబుతుంటాం. కాని ఎవరి కంచంలో ఎంత పడాలో ఆయన ఎలా లెక్కగట్టారో, ఆకలితో వచ్చిన వేలాది మందికి ఎలా వండి పెట్టారో మన ఇళ్ళలో చెప్పుకునేది తక్కువ. ఈ నెల ఆ మహనీయుని జీవితంలోని ఆ భాగాన్ని చూద్దాం.

ఆయన మక్కాలో, ఖురైష్ తెగలోని బనీ అదీ వంశంలో పుట్టారు. తండ్రి ఖత్తాబ్ కఠినుడు. చిన్నతనంలో ఉమర్ (రజి) మక్కా దగ్గరి దజ్నాన్ లోయలో తండ్రి ఒంటెల్ని మేపేవారు. తర్వాత వర్తకంలో దిగారు. దైవదౌత్యం 6వ ఏట ఇస్లాం స్వీకరించారు. హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో హజ్రత్ అబూబక్ర్ (రజి) తర్వాత ఖలీఫా బాధ్యత ఆయన భుజాలపై పడింది. ఖలీఫా అయ్యాక ఒకసారి దజ్నాన్ మీదుగా వెళ్తూ, ఒంటెలు కాసిన ఆ రోజుల్ని తనతో ఉన్నవారికి చెప్పుకున్నారు. ఇప్పుడు తనపైన అల్లాహ్ తప్ప వేరే అధికారి లేడని తలచుకున్నారు. ఒళ్ళు గగుర్పొడిచే మాటే అది.

పరిపాలనలో పడి వర్తకం సాగలేదు. బైతుల్ మాల్ నుంచి తాను ఎంత తీసుకోవచ్చునని సహచరులను అడిగారు. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట తిండికి సరిపడినంత తీసుకోవచ్చని హజ్రత్ అలీ (రజి) సలహా ఇచ్చారు. ఉమర్ (రజి) దానికే ఒప్పుకున్నారు. చలికాలానికి ఒక జత, వేసవికి ఒక జత బట్టలు, హజ్‌కూ ఉమ్రాకూ ఒక వాహనం, ఖురైష్‌లోని ఒక మధ్యతరగతి కుటుంబం తినేపాటి తిండి. అంతకుమించి తనకు హక్కు లేదన్నారు. అనాథ సొత్తుకు సంరక్షకుడు ఎలా ఉండాలో ఖుర్ఆన్ చెప్పింది కదా, ప్రజల సొత్తు విషయంలో తన స్థానం కూడా అదేనని ఆయన భావించారు.

ఆయన భోజన సమయంలో హఫ్స్ బిన్ అబిల్ ఆస్ అనే ఆయన వస్తుండేవారు కాని తినేవారు కారు. ఎందుకని అడిగితే, ఇక్కడి తిండి మోటుగా ఉంటుంది, ఇంటికెళ్ళి మెత్తని తిండి తింటానని దాచుకోకుండా చెప్పారు. రుచికరమైన తిండి ఎలా చేయించాలో తనకు తెలియక కాదని ఉమర్ (రజి) బదులిచ్చారు. మేకను శుభ్రం చేసి కాల్పించడం, పిండి జల్లించి పల్చని రొట్టెలు చేయించడం, ఎండుద్రాక్ష నానబెట్టించడం అన్నీ ఆయన వివరంగా చెప్పగలిగారు. అయితే తమ మంచి వస్తువులన్నిటినీ ఇహలోకంలోనే అనుభవించేసినవారి గురించి అహ్‌ఖాఫ్ సూరాలో వచ్చిన హెచ్చరిక ఆయన్ను భయపెట్టింది.

దీన్ని చదివి ఆయనకు మంచి తిండి అంటే గిట్టదనుకుంటే పొరపాటు. అజర్‌బైజాన్ నుంచి ఉత్బా బిన్ ఫర్‌ఖద్ మిఠాయి పంపినప్పుడు ఆయన రుచి చూసి బాగుందన్నారు. తర్వాత ఒకే ఒక ప్రశ్న వేశారు. అక్కడి ముస్లిములందరూ దీన్ని కడుపునిండా తింటున్నారా అని. లేదని తెలిసింది. మిఠాయి తిరిగి వెళ్ళిపోయింది.

ముప్పై మంది ఒక రోజు తిండి

రాజ్యం విస్తరించి ధాన్యం రావడం మొదలయ్యాక ప్రతి మనిషికీ నెలకు ఎంత ఇవ్వాలన్న సమస్య వచ్చింది. ఉజ్జాయింపుగా ఇంత అని చెప్పేయవచ్చు. ఉమర్ (రజి) అలా చేయలేదు. ఒక జరీబు (ఆనాటి ధాన్యపు కొలత) పిండి తెప్పించి పిసికించారు. రొట్టెలు కాల్పించి, నూనెలో తుంచి వేయించారు. 30 మందిని పిలిచి పగటిపూట కడుపునిండా పెట్టారు. రాత్రికి మరో జరీబుతో అలాగే చేశారు. 30 మందికి ఒక రోజుకు సరిపోయింది ఒక మనిషికి 30 రోజులకు సరిపోతుంది. కాబట్టి మనిషికి నెలకు రెండు జరీబులు. పురుషుడికీ, స్త్రీకీ, బానిసకూ అదే కొలత నిర్ణయించారు. ఖలీఫా నోటి లెక్క మీద కాకుండా తిన్నవారి కడుపు లెక్క మీద నిలబడిన రేషను అది. బానిసకు సగం చాలునని ఎవరూ అనలేకపోయారు.

తప్పు జరిగిన చోట దిద్దుకోవడానికీ ఆయన వెనకాడలేదు. మొదట్లో పాలు మానిన పిల్లలకే భత్యం ఉండేది. ఒక రాత్రి మదీనా బయట దిగిన వర్తక బిడారానికి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి ఆయన కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు ఆగడం లేదు. తల్లిని అడిగితే, భత్యం కోసం బిడ్డకు తొందరగా పాలు మాన్పిస్తున్నానంది. ఎదురుగా ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. ఆ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజ్‌లో ఆయన ఏడుపు వల్ల ఖిరాఅత్ సరిగా వినిపించలేదు. పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం వర్తిస్తుందని వెంటనే చాటింపు వేయించారు. సహాయానికి పెట్టే షరతు ఒక్కోసారి పసివాళ్ళ నోటి దగ్గరి పాలను లాగేస్తుందని ఆ రాత్రి తేలింది.

పిండి బస్తా వీపున మోసుకెళ్ళి ఆకలిగొన్న పిల్లలకు వండిపెట్టిన సంఘటన మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. అందులో ఒక్క విషయం మాత్రం గుర్తుచేస్తాం. పిల్లలు తిన్న తర్వాత కూడా ఆయన లేవలేదు. వాళ్ళు ఆడుకుని, నవ్వి, నిద్రపోయేదాకా దూరంగా కూర్చుని చూశారు.

బూడిద సంవత్సరం

హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో హిజాజ్ ప్రాంతమంతా వానలు లేక ఎండిపోయింది. గాలి వీస్తే నేల బూడిదలా లేచేది. అందుకే దానికి ఆముర్రమాదా, అంటే బూడిద సంవత్సరం అని పేరు వచ్చింది. అడవి జంతువులు సైతం మనుషుల దగ్గరికి వచ్చేవి. ఎడారి తెగలు పిల్లాపాపలతో మదీనా చుట్టూ వచ్చి గుడారాలు వేసుకున్నాయి.

ఉమర్ (రజి) షామ్, ఇరాఖ్ తదితర ప్రాంతాల అధికారులకు లేఖలు రాశారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) 4,000 ఒంటెల మీద ఆహారం తీసుకుని ముందుగా వచ్చారు. దాన్ని మదీనా చుట్టుపక్కల పంచే పనిని ఖలీఫా ఆయనకే అప్పగించారు. దారిలోని తెగలకు పంచడానికి వెళ్ళినవారికి ఉమర్ (రజి) ఇచ్చిన ఆదేశాలు చూడండి. పిండిని జనం వండుకోవాలి, మిగిలినది జాగ్రత్త చేసుకోవాలి. మోసుకొచ్చిన ఒంటెల్ని కోసి మాంసం పెట్టాలి. వాటి కొవ్వును కరిగించి వెంట తీసుకెళ్ళాలి. పిండి వచ్చిన గోనెసంచుల్ని కూడా పారేయకూడదు, అవి జనానికి కప్పుకునే దుప్పట్లు కావాలి. సంచి దగ్గర నుంచి కొవ్వు దాకా వృధా అయ్యేదంటూ ఏదీ మిగల్లేదు. వలీమా విందుల్లో పళ్ళేల్లో సగం వదిలేసిన బిర్యానీని చెత్తకుండీలో ఒంపుతుంటే చూస్తూ ఊరుకునే మనకు ఈ ఆదేశాలు కాస్త చేదుగానే ఉంటాయి.

మదీనాలో పెద్ద పెద్ద డేగిసాలు పొయ్యిల మీదికి ఎక్కాయి. వంటవాళ్ళు సహర్ వేళకే లేచేవారు. ఊరి నాలుగు వైపులా మనుషుల్ని నియమించి, ప్రతి సాయంత్రం వారిని కూర్చోబెట్టుకుని ఆ రోజు ఎవరికి ఏమి అందిందో ఖలీఫా విచారించేవారు. ఒక రాత్రి తిన్నవారిని లెక్కించమన్నారు. 7,000 మంది తేలారు. ఆయన అక్కడితో ఆగలేదు. రాలేని రోగులు, ఆడవాళ్ళు, పిల్లలు ఎందరో లెక్కించమన్నారు. 40,000 మంది! కొద్ది రోజులకు ఆ సంఖ్యలు 10,000కూ, 50,000కూ పెరిగాయని ఇబ్నె సఅద్ తబఖాత్ గ్రంథంలో ఉంది. వరుసలో నిలబడగలిగినవారి కన్నా నిలబడలేనివారే ఎన్నోరెట్లు ఎక్కువని ఆ లెక్క వల్లే బయటపడింది. వాళ్ళ భోజనం వాళ్ళ దగ్గరికే వెళ్ళింది.

ఆ రోజుల్లోనే ఒక స్త్రీ పిండి సంకటి కెలుకుతుండగా ఉమర్ (రజి) అటుగా వెళ్తూ ఆగారు. అలా కాదంటూ తెడ్డు తీసుకుని స్వయంగా చేసి చూపించారు. ఎసరు కాగకముందే పిండి పోయవద్దని, కాగాక కొద్దికొద్దిగా చల్లుతూ కెలకాలని ఆడవారికి చెప్పేవారు. అలా చేస్తే ఉండలు కట్టదు, పిండి బాగా ఒదుగుతుంది. సంకటి వండే ఇళ్ళలోని మన అమ్మలకు ఇది కొత్త సంగతేమీ కాదు. అయితే అంత విశాలమైన రాజ్యాన్ని ఏలే వ్యక్తికి పిడికెడు పిండి ఎలా ఒదుగుతుందో తెలిసి ఉండటం, దాన్ని చెప్పడానికి ఆగడం మాత్రం మామూలు విషయం కాదు.

ప్రజలకు మంచి రోజులు వచ్చేదాకా నెయ్యి, మాంసం ముట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. ఒకరోజు బజారులోకి నెయ్యి, పాలు వస్తే సేవకుడు 40 దిర్హములు పెట్టి కొనుక్కొచ్చాడు. ఆయన వాటిని దానం చేయించారు. ప్రజలకు తగిలిన దెబ్బ తనకూ తగలకపోతే వారి బాధ తనకెలా తెలుస్తుందని అడిగారు. ఒంటెను కోసిన రోజు మూపురం మాంసం, కాలేయం ఆయన కోసం తీసిపెడితే, వాటిని వెనక్కు పంపి రొట్టె, నూనె తెప్పించుకున్నారు. దాన్ని కూడా తినకుండా, మూడు రోజులుగా తాను చూడలేకపోయిన ఒక ఇంటివారు గుర్తొచ్చి, వారికి పంపేశారు. రోజూ నూనె తినడం వల్ల కడుపులో గుడగుడలాడేది. తెల్లని ఆయన మేని రంగు నల్లబడింది. కరువు తొలగకపోతే ఆ దిగులుతోనే ఆయన చనిపోతారేమోనని సహచరులు భయపడ్డారు.

ఒకనాడు తన పిల్లల్లో ఒకరి చేతిలో పుచ్చపండు కనిపించింది. ముహమ్మద్ (స) సమాజం ఎండిపోతుంటే ఖలీఫా కొడుకు పండ్లు తింటున్నాడా అని గద్దించారు. పిల్లవాడు ఏడుస్తూ పారిపోయాడు. విచారిస్తే తెలిసింది, వాడు పిడికెడు ఖర్జూరపు గింజలిచ్చి దాన్ని కొన్నాడు. పశువుల మేతకు పనికొచ్చే గింజలవి. అప్పుడుగాని ఆయన కోపం చల్లారలేదు.

వాన పడకపోతే ఏం చేయాలనుకున్నదీ ఆయన చెప్పారు. ప్రతి ఇంట్లో ఎంతమంది ఉంటే, బయటివారిని అంతమందిని ఆ ఇంట్లో చేర్చాలనుకున్నారు. సగం కడుపు తిన్నందువల్ల మనుషులు చనిపోరన్నది ఆయన లెక్క. ఆ ఏడాది పశువుల జకాత్ వసూలును ఆపించారు. ఆకలికి తాళలేక దొంగిలించినవారికి చెయ్యి నరికే శిక్ష అమలు చేయలేదు. చివరికి జనంతో కలిసి వాన కోసం ప్రార్థించడానికి బయలుదేరి, దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ని ముందుంచి దుఆ చేయించారు. అల్లాహ్ వాన కురిపించాడు.

ఇంత చేసినా చాలామంది చనిపోయారు. వారికి కఫన్ పంపి, జనాజా నమాజ్ చేయించారు. బతికినవారిని మదీనాలోనే ఉంచేయలేదు. ప్రతి తెగకూ తిండి, వాహనాలు ఇచ్చి వారి ఎడారులకు సాగనంపారు. ఆ పని దగ్గరా స్వయంగా నిలబడ్డారు.

చీటీలు, గిడ్డంగులు

మరో కరువు వస్తే మళ్ళీ ఒంటెల కోసం ఎదురుచూడకూడదని ఆయన అనుకున్నారు. ఈజిప్టు జయించాక నైలు నుంచి ఎర్ర సముద్రానికి పూడిపోయిన పాత కాలువను తవ్వించారు. ధాన్యపు ఓడలు మదీనాకు దగ్గరి రేవు జార్‌కు రాసాగాయి. అక్కడ గిడ్డంగులు కట్టించారు. ఇంటింటి పేర్లు రాయించి, ముద్రవేసిన చీటీల మీద ధాన్యం ఇప్పించారు. మన రేషను కార్డుకు తాతలాంటివి ఆ చీటీలు. ప్రజల కోసం కేటాయించిన ధాన్యాన్ని ఒక ప్రముఖుడు కొని, చేతికి అందకముందే మరొకరికి అమ్మితే, ఉమర్ (రజి) ఆ బేరాన్ని రద్దు చేశారు. రేషను బియ్యం దారి మళ్ళించేవారి కథ కొత్తదేమీ కాదన్నమాట. మదీనాలో ఆయన నెలకొల్పిన పిండి గిడ్డంగిలో పిండి, పేలపిండి, ఖర్జూరం, ఎండుద్రాక్ష ఉండేవి. దారి మధ్యలో చిక్కుకున్న బాటసారులకు అవి ఇచ్చేవారు.

సహాయం ముస్లిములకే పరిమితం కాలేదు. షామ్ ప్రయాణంలో జాబియా దగ్గర కుష్ఠువ్యాధి సోకిన క్రైస్తవులు కనిపిస్తే వారికి నిత్యం తిండి అందేలా ఏర్పాటు చేశారు. ఇంటింటా అడుక్కుంటున్న ఒక ముసలి యూదుణ్ణి చేయి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళి చేతికందింది ఇచ్చారు. పడుచుతనంలో పన్ను వసూలుచేసి ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని, అతనికీ అతనిలాంటివారికీ జిజియా తీసివేసి బైతుల్ మాల్ నుంచి భత్యం ఇప్పించారు.

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో ఫజ్ర్ నమాజ్ చేయిస్తుండగా అబూ లూలూ ఆయనను పొడిచాడు. మరణశయ్యపై తన అప్పు ఎంతో లెక్కచూడమని కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)కి చెప్పారు. సుమారు 86,000 దిర్హములు తేలింది. ముందు తన కుటుంబ ఆస్తి నుంచి కట్టాలని, చాలకపోతే బనీ అదీ వారిని, అప్పటికీ చాలకపోతే ఖురైష్‌ను అడగాలని, అంతకు మించి ఎవరి దగ్గరికీ వెళ్ళవద్దని చెప్పారు. వేలాది ధాన్యపు బస్తాలు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. అప్పు తీర్చడానికి మదీనాలోని ఆయన ఇల్లు అమ్మారు. ఆ ఇంటికి దారుల్ ఖజా, అంటే అప్పు తీర్చిన ఇల్లు అనే పేరు చాలాకాలం నిలిచింది.