పాచిని చదివిన పార్థసారథి అయ్యంగార్

పుదుచ్చేరి బీచ్ రోడ్డు వెంబడి అలలను ఆపడానికి పరిచిన బండరాళ్ళకు పచ్చటి పాచి పట్టి ఉంటుంది. కాలు జారకుండా చూసుకుని తప్పుకుంటాం, అంతే. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచేవారికి మాత్రం అది పెద్ద తలనొప్పి. గాజును కప్పేస్తుంది, రాళ్ళను పట్టేస్తుంది, పగడాలకు వెలుతురు అందనివ్వదు. గీకి పారేసినా మళ్ళీ వస్తుంది. ఎందుకు వస్తుందో తెలియాలంటే అది ఎలా బతుకుతుందో తెలియాలి. ఈ కోరమాండల్ తీరంలో ఆ ప్రశ్నకే జీవితాన్ని అంకితం చేసిన శాస్త్రవేత్త మండయం ఓసూరి పార్థసారథి అయ్యంగార్. భారతీయ శైవలశాస్త్ర పితామహుడిగా ఆయనకు పేరు.

1886 డిసెంబరు 15న మద్రాసులో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1909లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో క్యూరేటర్‌గా చేరారు. మెరీనా తీరాన సముద్రజీవుల అక్వేరియం ప్రజలకు తెరుచుకున్నదీ ఆ ఏడాదే. 1911లో సైదాపేట టీచర్స్ కాలేజీలో అధ్యాపకుడయ్యారు. 1920లో ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ప్రయోగశాలకు డైరెక్టర్‌గా పనిచేశారు.

అప్పటిదాకా మన నాచుల గురించి రాసినవారిలో ఎక్కువమంది యూరోపియన్లు. ఇక్కడినుంచి ఓడలో వెళ్ళిన ఎండు నమూనాలే వారికి ఆధారం. అయ్యంగార్ ప్రాణమున్న నాచును చూడాలనుకున్నారు. విద్యార్థులను వెంటబెట్టుకుని చెరువులు, వాననీటి గుంటలు, సముద్రతీరాలు తిరిగారు. పుదుచ్చేరి దగ్గర పెద్ద పగడపు దిబ్బలు లేవు. వాటికోసం దక్షిణానికి, మన్నార్ సింధుశాఖకు వెళ్ళాలి. అక్కడ పాంబన్ దగ్గరున్న క్రుసడై దీవి నాచుల మీద ఆయన రాసిన వివరణ 1927లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో వచ్చింది. డెన్మార్క్ శాస్త్రవేత్త బోర్గెసెన్ ఒక గోధుమరంగు నాచు ప్రజాతికి ఆయన పేరు మీద ‘అయ్యంగారియా’ అని పేరు పెట్టారు.

1930 ప్రాంతంలో లండన్ వెళ్ళి ఎఫ్.ఇ. ఫ్రిష్ దగ్గర పరిశోధన చేశారు. 1932లో కొత్త నాచు ఒకదాన్ని వర్ణించి, గురువు పేరుతో దానికి ‘ఫ్రిషియెల్లా’ అని నామకరణం చేశారు. నీరు ఇంకిపోతున్న తడిమట్టిలో బతికే నాచు అది. కొంత భాగం మట్టిలో పాకుతుంది, కొంత పైకి లేస్తుంది. నీటిలోని మొక్కలు నేలకు ఎలా ఎక్కి ఉంటాయన్న చర్చలో దాని ప్రస్తావన ఇప్పటికీ వస్తుంది.

అక్వేరియం పెంచేవారికి మరింత దగ్గరి విషయం 1933లో ఆయన ప్రచురించిన ఒక చిన్న వ్యాసం. కాలెర్పా అనే సముద్రపు నాచులో సంయోగబీజాలు ఎలా ఏర్పడతాయన్నది అందులోని అంశం. కాలెర్పాకు వేరు, కాడ, ఆకు ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ మొత్తం మొక్క ఒకే కణం, లోపల అడ్డుగోడలు ఉండవు. సంతానోత్పత్తి వేళకు లోపలి జీవపదార్థమంతా సంయోగబీజాలుగా మారి నీటిలోకి వెళ్ళిపోతుంది. తెల్లటి తొడుగు మాత్రం మిగులుతుంది.

నీటిలోని నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను పీల్చుకుంటుందని కొందరు ఇదే కాలెర్పాను పక్క తొట్టిలో పెంచుతారు. ఒక ఉదయం లేచి చూస్తే నీళ్ళు పాలలా తెల్లబడి ఉంటాయి. నెలల తరబడి అది దాచుకున్న పోషకాలన్నీ ఒక్క రాత్రిలో తిరిగి నీటిలో కలిసిపోయి, మిగతా పాచికి విందవుతాయి. అందుకే చాలామంది కీటోమార్ఫాను ఎంచుకుంటారు. ఏది పెంచినా అప్పుడప్పుడు కోసి బయట పడేస్తేనే, అది పీల్చుకున్న పోషకాలు తొట్టిలోంచి నిజంగా పోయినట్టు.

అన్ని పాచిలకూ ఒకే వైద్యం పనిచేయదు. కొత్త తొట్టిలో కనిపించే గోధుమరంగు పొర సాధారణంగా డయాటమ్‌లది. నీటిలోని సిలికా తగ్గితే దానంతటదే పలచబడుతుంది. ఎర్రటి జిగురుపొర సయనోబాక్టీరియాది. వీటిలో కొన్ని గాలిలోని నత్రజనిని స్థిరీకరించుకోగలవు కాబట్టి, నైట్రేట్ ఒక్కటే తగ్గిస్తే లొంగవు. ఈ రెండు వర్గాల మీదా లోతైన పని అయ్యంగార్ శిష్యులదే. ఆర్. సుబ్రహ్మణ్యన్ మద్రాసు తీరపు డయాటమ్‌లను 1946లో వర్ణించారు. టి.వి. దేశికాచారి సయనోబాక్టీరియాపై 1959లో తెచ్చిన గ్రంథం పరిశోధకులకు ఇప్పటికీ ఆధార గ్రంథమే.

కాబట్టి మందు సీసా తెరిచేముందు పట్టినది ఏ పాచో గుర్తించాలి. తర్వాత మేత తగ్గించాలి, కుళాయి నీటికి బదులు ఆర్‌ఓ, డీఅయనైజ్డ్ నీరు వాడాలి, నైట్రేట్, ఫాస్ఫేట్ కొలుస్తుండాలి. టర్బో నత్తలు, సర్జన్ చేపలు పాచిని మేస్తాయి గానీ, పోషకాలు వచ్చే దారి మూయకపోతే వాటి శ్రమ వృథా. పట్టణాల మురుగు కలిసేచోట సముద్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అక్కడ పాచిని గీకేసే చేయి మాత్రం ఉండదు.

అయ్యంగార్ 1963 డిసెంబరు 10న కన్నుమూశారు. వాల్వోకేల్స్ అనే ఆకుపచ్చ నాచుల మీద దేశికాచారితో కలిసి ఆయన రాసిన గ్రంథం 1981లో, అంటే ఆయన పోయిన 18 ఏళ్ళకు అచ్చయింది.