తరిగొండ వెంగమాంబ

దిల్‌సుఖ్‌నగరులోనో, ఎల్.బి. నగరులోనో రాత్రివేళ బస్సెక్కి మరునాడు తిరుమల కొండ చేరు భక్తులెందరో కలరు. పల్లెల నుండి చదువుకై వచ్చి ఆ ప్రాంతపు వసతిగృహములలో నుండు బాలికలును వారిలో నుందురు. స్వామి దర్శనమైన పిదప వీరందరును ఆకలి తీర్చుకొను అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టబడినది. 2011లో నాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ దానిని ప్రారంభించిరి. పేరు చదివి లోనికి పోవువారే గాని, ఆ తల్లి ఎవరో, ఆ కొండకు ఏ విధముగ చేరినదో విచారించువారు తక్కువ.

మదనపల్లెకు సమీపమున గుర్రంకొండ ప్రాంతమున తరిగొండ యను పల్లె కలదు. అచటి శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆలయము ప్రసిద్ధము. ఆ గ్రామమున 1730లో నందవరీక బ్రాహ్మణ వంశీయులగు కానాల కృష్ణయామాత్య, మంగమాంబ దంపతులకు వెంగమాంబ జన్మించెను. బాల్యముననే ఆమెకు భగవద్ధ్యానము తప్ప వేరు వ్యాపారము లేకుండెను. ఆడుపిల్లలకు చదువు చెప్పించు వాడుక అరుదైన ఆ దినములలో, మదనపల్లె వాసియగు సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువై యోగవేదాంత మార్గమును ఉపదేశించెను. చిన్న వయస్సుననే ఇంజేటి వేంకటాచలపతి యను వానితో వివాహమయ్యెను. కొలది కాలమునకే అతడు మరణించెను.

ఆ దినములలో భర్తను కోల్పోయిన బ్రాహ్మణ స్త్రీ, ఎంతటి పసిదైనను, కుంకుమ, గాజులు, పూలు విడువవలసియుండెను, శిరోముండనము చేయించుకొనవలసియుండెను, ఒకరి దయపై ఇంటి మూలను బ్రదుకవలసియుండెను. వెంగమాంబ దీనికి సమ్మతింపలేదు. తనకు పతి శ్రీ వేంకటేశ్వరుడే యనియు, నిత్యుడగు ఆయనకు మరణము లేదు గనుక తనకు వైధవ్యము లేదనియు ఆమె నిశ్చయము. ముండనము తప్పదా యను విషయమున ధర్మశాస్త్రము చదివిన పండితులలోనే భేదాభిప్రాయములు కలవు. ఊరివారికి మాత్రము అట్టి సందేహమేమియు లేకుండెను. జీవులందరికిని శ్రీమన్నారాయణుడే పతి యని అనుదినము చెప్పుకొనువారే, ఒక పల్లెపడుచు ఆ మాటను తన తలవెండ్రుకలకు అన్వయించుకొనగా సహింపలేకపోయిరి. గోదాదేవియు శ్రీరంగనాథునే వరించెను. కాని ఆమె కన్య. పెరియాళ్వారువంటి తండ్రి ఆమెకు అండగా నుండెను. వెంగమాంబ తండ్రియో, లోకనిందకు తల్లడిల్లినవాడు.

పుష్పగిరి పీఠాధిపతులు ఆ ప్రాంతమునకు వచ్చినపుడు గ్రామస్థులు ఆమెపై ఫిర్యాదు చేసిరనియు, బలవంతముగ ముండనము చేయింపగా ఆమె స్నానము చేసి లేచునప్పటికి కురులు మరల వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. నరసింహాలయమున ఆంజనేయ విగ్రహము వెనుక ధ్యానమున నుండగా అర్చకుడు ఆమెను వెలుపలికి ఈడ్చెనని మరియొక కథ. అద్భుతములు వినుటకు ఇంపుగ నుండును. కాని వాని చాటున, ప్రతిదినము ఊరి నడుమ, ఊరివారి కన్నుల యెదుట కుంకుమ ధరించి తిరిగిన ఆ బాలిక ధైర్యము మరుగున పడరాదు.

తరిగొండలో నుండగనే ఆమె నృసింహ శతకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము మొదలగు కృతులు రచించెను. తాను ఛందస్సు నేర్చినదానను కానని ఆమెయే చెప్పుకొన్నది. పిదప పుట్టినయూరు విడిచి, అడవిదారుల నడచి తిరుమల చేరెను. హథీరాంజీ మఠము వారు ఆమెకు నివాసము కల్పించిరందురు. అచటను సుఖము లేకపోయెను. ధ్యానమున కూర్చున్న చోటికి పొరుగువారు ఎంగిలి విస్తళ్ళు విసరుచుండిరట. అంతట ఆమె వాదులాడక తుంబురుకోనకు పోయి, ఆ నిర్జన స్థలమున ఆరేండ్లు తపస్సు చేసెనని ప్రసిద్ధి.

మరలివచ్చిన వెంగమాంబను తిరుమల వేరు కన్నులతో చూచెను. ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, వేంకటాచల మాహాత్మ్యము, విష్ణుపారిజాతము, చెంచు నాటకము మొదలగు పెక్కు గ్రంథములు ఆమె వ్రాసెను. వీనిలో ద్విపదలును యక్షగానములును పెక్కు. అక్షరము రాని స్త్రీలు సైతము విని, నోట నిలుపుకొని పాడుకొనదగిన రచనలివి. పండితుల మెప్పుకై వ్రాసినవి కావు. ఏ కృతి వ్రాసినను తరిగొండ నృసింహుని, వేంకటేశుని ఒక్కనిగనే భావించెను. తరిమివేసిన ఊరి దైవమును ఆమె విడువలేదు.

నృసింహజయంతి దినములలో ఆమె కొండపై యాత్రికులకు అన్నదానము జరిపించుచుండెను. దాని నిమిత్తము భక్తులును భూస్వాములును ఆమె పేరనే దానములు వ్రాసి యిచ్చిరి. ఒకప్పుడు ఒకరి దయపై బ్రదుకవలసినదని ఊరివారు నిర్ణయించిన స్త్రీ, వేలమందికి విస్తరి వేయించినది.

1817లో, ఈశ్వరనామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు, 87వ యేట ఆమె సమాధి చెందెను. తిరుమలలో ఆమె బృందావనము నేటికిని కలదు. స్వామివారి ఏకాంతసేవలో తాళ్ళపాక అన్నమాచార్యుని లాలి ముగిసిన పిదప, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి యిచ్చి, ఆ రాత్రికి బంగారు వాకిలి మూయుదురు.