కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ జీవితము

గణితమన్న వెనుదీయు విద్యార్థులను మేము ప్రతి తరగతియందును చూచుచున్నాము. ఈ లెక్కలు ఎందుల కుపకరించునని వారడుగుదురు. అట్టివారికొరకు ఒక జ్యోతిశ్శాస్త్రజ్ఞుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1873 వ సంవత్సరము అక్టోబరు 9 వ తేదీన జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక యూదు కుటుంబములో జ్యేష్ఠపుత్రుడుగా జన్మించెను. బాల్యమున చేతిఖర్చుల సొమ్ము కూడబెట్టి, కటకము కొని, దూరదర్శినిని నిర్మించుకొనెను. 16 ఏండ్ల ప్రాయమున జంటనక్షత్రముల గమనమునుగూర్చి రెండు వ్యాసములు ప్రకటించెను. 1901 లో గొట్టింగెన్ వేధశాలకును, 1909 లో పాట్స్‌డామ్ వేధశాలకును అధ్యక్షుడయ్యెను.

1900 లో ఆయన ఒక వింతప్రశ్నను విచారించెను. బడిలో నేర్చుకొను యూక్లిడ్ రేఖాగణితము ఆకాశమంతటికిని వర్తించునా, లేక ఆకాశమునకు వంపు కలదా? నాటికి తెలిసిన నక్షత్రదూరములనుబట్టి, వంపున్నచో అది మిక్కిలి స్వల్పమని ఆయన లెక్కించెను.

1914 లో మహాయుద్ధము పుట్టెను. 40 ఏండ్లు దాటినను ఆయన స్వయముగా సైన్యమున చేరెను. బెల్జియమున వాతావరణ పరిశీలనమును, తరువాత ఫిరంగిగుండ్ల గమనమును లెక్కించు పనిని నిర్వహించెను. నక్షత్రముల గమనమును గుణించిన చేయియే మనుష్యులమీదికి పోవు గుండ్ల గమనమును గుణించుట మాకు దుఃఖకరముగా నున్నది. అయినను దానిని దాచుట న్యాయము కాదు.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ నూతన గురుత్వాకర్షణ సిద్ధాంతమును ప్రకటించెను. ఆ సమీకరణములకు ఐన్‌స్టీన్ సయితము సుమారైన సమాధానమునే సాధించియుండెను. ష్వార్జ్‌షిల్డ్ యుద్ధరంగమున నుండియే ప్రశ్నను కుదించుకొనెను. శూన్యమున తిరుగని గుండ్రని నక్షత్రమొక్కటియే యున్నచో దానిచుట్టు ఆకాశమెట్లు వంగును? డిసెంబరు ముగియకముందే ఖచ్చితమైన సమాధానము సాధించి ఐన్‌స్టీన్‌కు లేఖ వ్రాసెను. 1916 జనవరిలో ఐన్‌స్టీన్ దానిని బెర్లిన్‌లోని ప్రష్యా విద్వత్పరిషత్తునకు సమర్పించెను. అంతలో చర్మమంతట పొక్కులు లేచు దారుణవ్యాధి సోకి, ఆయన ఇల్లు చేరి, మే 11 వ తేదీన 42 ఏండ్లకే మరణించెను.

ఆ లెక్కలో ఒక హద్దు దాగియుండెను. సూర్యుని ద్రవ్యమంతయు సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధముగల గోళమున నిమిడ్చినచో వెలుతురైనను వెలికి రాజాలదు. దీనినే నేడు కృష్ణబిలమందురు. ఆ పేరు ఆయన వినలేదు. ఎం87 అను నక్షత్రమండలమందలి కృష్ణబిలముయొక్క నీడను చూపు చిత్రము 2019 లో వెలువడెను.

విశ్వము వ్యాకోచించుచున్నదనియు ఆయన యెరుగడు. ఆ వ్యాకోచవేగము హెచ్చుచున్నదని 1998 లో తెలియవచ్చెను. దానికి కారణమైన కృష్ణశక్తి విశ్వమందలి శక్తిద్రవ్యములలో రమారమి 70 శాతము. అయినను ఆయన లెక్క చెడలేదు. ఐన్‌స్టీన్ 1917 లో ప్రవేశపెట్టిన వికర్షణపదమును 1918 లో కోట్లర్ అను పండితుడు దానికి చేర్చెను. దానిప్రకారము కృష్ణబిలము చెంత ఆకర్షణము ప్రబలము, బహుదూరమున వికర్షణము ప్రబలము. నడుమ రెండును సరితూగు తావు కలదు. కావున కృష్ణశక్తి మార్పులేక యున్నచో, దూరపు నక్షత్రమండలములు కనుమరుగైనను, కృష్ణబిలములు దానిచే చీలిపోవు.

విద్యార్థులారా, ఆయన విశ్వమంతటి లెక్కను చేయబూనలేదు; ఒక్క నక్షత్రముయొక్క లెక్కను తప్పులేకుండ చేసెను. మీ పలకమీది లెక్కనుకూడ అట్లే చేయుడని మేము కోరుచున్నాము.