58 ఏళ్లకు కొత్త ఉద్యోగం.. మన చేపల పేర్లు రాసిపెట్టిన డాక్టర్

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోకి కొంత దూరంలో సెయింట్ ఆబ్స్ అనే చిన్న ఊరుంది. అక్కడి చల్లటి సముద్రంలో స్కూబా డైవింగ్ చేయడానికి చాలామంది వెళ్తుంటారు. ఒంటికి నీళ్లు తగలని డ్రైసూట్ వేసుకుని దిగితే రాళ్ల మీద మెత్తటి పగడాలు, సందుల్లోంచి తొంగిచూసే తోడేలు చేపలు కనిపిస్తాయి. సర్వే కోసం దిగే డైవర్లు చిన్న ప్లాస్టిక్ పలక, పెన్సిల్ వెంట తీసుకెళ్తారు. ఏం చూశారో అక్కడికక్కడే రాసుకుంటారు. పైకొచ్చాక రాద్దాంలే అనుకుంటే సగం మర్చిపోతారు కదా!

ఆ ఎడిన్‌బరోలో పుట్టిన ఓ డాక్టర్ ఇదే పనిని మన విశాఖపట్నంలో చేశారు. అదీ స్కూబా లేని కాలంలో. ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యా కలిసి డైవింగ్ పరికరం తయారుచేసింది 1943లో. ఈ డాక్టర్ చేపల పుస్తకం వచ్చింది 1803లో. అంటే 140 ఏళ్ల ముందే! ఆయన పేరు పాట్రిక్ రసెల్.

డిగ్రీ ఒకటి.. పని ఇంకొకటి

రసెల్ 1727లో పుట్టారు. మెడిసిన్ చదివి, 1750లో సిరియాలోని అలెప్పోకి వెళ్లారు. అక్కడ ఆయన సవతి అన్న అలెగ్జాండర్ డాక్టర్. మూడేళ్ల తర్వాత అన్న తిరిగి వెళ్లిపోతే, ఆ బాధ్యత రసెల్ తీసుకున్నారు. 1760లో ఆ ఊరికి ప్లేగు వచ్చింది. రెండేళ్లపాటు ఊరంతా అల్లాడింది. ఒకపక్క రోగుల్ని చూస్తూనే, ఇంకోపక్క తను గమనించిందంతా రాసుకున్నారు. ఆ అనుభవమే 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకంగా వచ్చింది.

1781లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన సోదరుడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చారు. అప్పటికి వయసు 54. కోరమండల్ తీరంలో కంపెనీ తరఫున మొక్కల్ని, జంతువుల్ని అధ్యయనం చేస్తున్న కోనిగ్ అనే శాస్త్రవేత్త 1785లో చనిపోయారు. ఆ ఉద్యోగం రసెల్‌కి వచ్చింది. 58 ఏళ్లకు కొత్త ఫీల్డ్! పాతికేళ్లకే లైఫ్ సెట్ కాలేదని దిగులుపడేవాళ్లు ఈ నంబర్ గుర్తుపెట్టుకోవాలి.

ముందు పాములు

అప్పట్లో పాముకాటు పెద్ద సమస్య. ఏది విషపు పామో, ఏది కాదో మామూలు మనిషి ఎలా గుర్తుపట్టాలి? రసెల్ మొదట పట్టుకున్న ప్రశ్న ఇది. రంగునో, పొలుసుల్నో చూసి తేల్చలేమని, కోరలు చూడాల్సిందేనని ఆయనకు అర్థమైంది. 1796లో వచ్చిన పాముల పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పేర్లే కనిపిస్తాయి. రక్తపింజరిని ఆయన 'కాటుక రేకుల పొడ' అని రాశారు. ఆ పాముకి తర్వాత ఆయన పేరే పెట్టారు. ప్రపంచమంతా రసెల్స్ వైపర్ అంటోంది దాన్నే. పసుపు, నలుపు పట్టీల కట్లపామును 'బంగారు పాము' అని రాసుకున్నారు. సైన్స్‌లో కట్లపాముల ప్రజాతి పేరు 'బంగారస్'. ఆ బంగారం మనదే!

తర్వాత సముద్రం

చేపల విషయంలోనూ అదే పద్ధతి. నీళ్లలోకి దిగే దారి లేదు కాబట్టి ఒడ్డుకు వచ్చిన చేపలే ఆధారం. చచ్చిన చేప రంగు తొందరగా పోతుంది. విశాఖ ఎండకి కుళ్లిపోతుంది కూడా. కాబట్టి ఆలస్యం చేయకుండా చూడాలి, కొలవాలి, రెక్కల ముళ్లు లెక్కపెట్టాలి. బొమ్మలు స్థానిక చిత్రకారులు గీశారు. పేరు మాత్రం ఇక్కడివాళ్లు పిలిచేదే.

ముట్టుకుంటే కరెంటు కొట్టే చేపని మనవాళ్లు తిమ్మిరి అంటారు. రసెల్ చెవికి అది 'టెమెరీ' అని వినిపించింది. 1831లో గ్రే అనే శాస్త్రవేత్త అలాంటి ఒక చేపల ప్రజాతికి 'టెమెరా' అని పేరు పెట్టారు. పులసని రసెల్ 'పాలసా' అని రాశారు. దాన్నే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే 1829లో శాస్త్రీయ నామంగా తీసుకున్నారు. అయితే ఆ చేపకి 1822లోనే ఇంకో పేరు నమోదై ఉండటంతో ఇది నిలవలేదు. 'కున్నెసీ' అని రాసుకున్న చేప పేరు మాత్రం 'కున్నేసియస్'గా నేటికీ వాడుకలో ఉంది. రాతి గుట్టల దగ్గర తిరిగే ఒక చేపకి 1849లో రసెల్ పేరే పెట్టారు. అదే 'లుట్జానస్ రసెల్లి'.

క్రెడిట్ ఎవరికి?

ఇక్కడే అసలు కిటుకుంది. లిన్నేయస్ పద్ధతి ప్రకారం రెండు పదాల లాటిన్ పేరు ఇచ్చినవాళ్లకే ఆ జాతిని నమోదు చేసిన గౌరవం దక్కుతుంది. చాలా చేపలకి రసెల్ అలాంటి పేర్లు ఇవ్వకుండా తెలుగు పేర్లతోనే వదిలేశారు. దాంతో ఆ గౌరవం కువియే, వాలెన్సియెన్స్ లాంటివాళ్లకి వెళ్లింది. కోడ్ బాగా రాసి, ఫార్మాట్ పాటించకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. రసెల్‌కి కనీసం పుస్తకం మీద పేరుంది. పేర్లు చెప్పిన జాలర్లకి, బొమ్మలు గీసిన చేతులకి అదీ దక్కలేదు. పుస్తకం వచ్చిన రెండేళ్లకు, 1805లో రసెల్ లండన్‌లో కన్నుమూశారు.

మరి మనకేంటి?

సముద్రం మీద ఆసక్తి ఉంటే దారులున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. బైపీసీ చదివినవాళ్లకి నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, వనపర్తి జిల్లా పెబ్బేరులో ఫిషరీస్ కాలేజీలున్నాయి. ఇంజినీరింగ్ వాళ్లయితే చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషన్ టెక్నాలజీ మీద ఓ కన్నేయండి. నీటి అడుగున తీసిన ఫొటోల్లో చేపల్ని గుర్తించే ఏఐకి కూడా ముందు ఎవరో ఒకరు సరైన పేరుతో లేబుల్ పెట్టాలి. రసెల్ చేసింది ఆ పనే.

మొదలుపెట్టడానికి సముద్రమే అక్కర్లేదు. కాకతీయుల కాలంలో తవ్విన పాలంపేట రామప్ప చెరువు లాంటివి మన చుట్టూ చాలానే ఉన్నాయి. మీ ఊరి చెరువు దగ్గరికి వలలు తీసే టైమ్‌కి వెళ్లండి. కొర్రమట్టకీ, జెల్లకీ, పరకలకీ తేడా అక్కడున్న పెద్దమనిషిని అడగండి. ఫొటో తీయండి, తేదీ వేయండి, ఊళ్లో పిలిచే పేరు రాయండి, పక్కనే శాస్త్రీయ నామం చేర్చండి. రసెల్ చేయనిది ఇంకొకటి కూడా చేయండి. వాళ్లు ఒప్పుకుంటే, ఆ పేరు చెప్పిన మనిషి పేరు కూడా రాయండి. రెజ్యూమెలో చూపించుకోవడానికి ఇంతకన్నా సొంత ప్రాజెక్టు ఏముంటుంది?