వరోషాకు చివరి దండం

కర్ణాటకలోని మా నాగరగెరె నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం చాలా దూరం. చెరువు నిండిన ఏడాదే మాకు పండగ. అలాంటి ఊరివాడు ఎక్కడో మధ్యధరా ఒడ్డునున్న వరోషాకు నివాళి రాయడమేమిటని అడగొచ్చు. యుద్ధం ఖాళీ చేసిన ఊరు మాకు కొత్త కథ కాదు మరి. 1565లో విజయనగర సేన రాక్షసతంగడి దగ్గర ఓడిపోయాక తిరుమలరాయలు హంపీ విడిచి వచ్చింది మాకు ఉత్తరాన, రాష్ట్రం ఎల్ల దాటితే వచ్చే పెనుకొండకే. హంపీ పాడుబడింది. పారిపోయి వచ్చిన రాజ్యం పెనుకొండలో మళ్లీ పొయ్యి రాజేసుకుంది. అలా ఆ కథ ఒక ఒడ్డుకు చేరింది. వరోషాకు ఆపాటి ముగింపు కూడా దక్కలేదు.

సైప్రస్ దీవి తూర్పు తీరంలో ఫామగూస్తా పాత కోట ఉంది. కోట గోడల లోపల టర్కిష్ సైప్రియట్లుండేవారు. గోడల బయట, దక్షిణాన, గ్రీకు సైప్రియట్ల పేట వరోషా. నారింజ తోటలకు పేరుపడ్డ చోటు. 1960లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇసుక తీరం వెంట హోటళ్లు వరసగా లేచాయి. 1974 నాటికి 45 హోటళ్లు, 10 వేలకు పైగా పడకలు. అక్కడి ఆర్గో హోటలంటే ఎలిజబెత్ టేలర్‌కు ఇష్టమని చెప్పుకుంటారు. బ్రిజిత్ బార్దో కూడా వచ్చేదట. ఆ తీరం ముఖం తూర్పుకు. మేడల్ని నీళ్లకు ఎంత దగ్గరగా కట్టారంటే, మధ్యాహ్నం దాటితే వాటి నీడ ఇసుకను కమ్మేసేది. ఎండ కాగుదామని అంత దూరం నుంచి డబ్బు పోసి వచ్చినవాళ్లకు ఎండే కరువు! పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు గానీ, ఈ ఊరికి అందమెంతో ఆశా అంతే.

దీవిలో తగవు అంతకు ముందే రాజుకుంది. 1963 డిసెంబరులో రెండు జాతులూ కొట్టుకున్నాయి. వేలమంది టర్కిష్ సైప్రియట్లు ఇళ్లు విడిచి తమవాళ్ల పేటల్లో తలదాచుకున్నారు. ఇల్లు పోగొట్టుకోవడం అక్కడ ఒక పక్షానికే రాసిపెట్టిన రాత కాదని మరిచిపోకూడదు. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనను పంపింది. ఆ ఏడాదే దానికి నాయకుడై వెళ్లిన మనిషి మన కొడగు జనరల్ తిమ్మయ్య. 1965 డిసెంబరు 18న సైప్రస్‌లోనే గుండె ఆగి పోయారు. ఆ దేశం ఆయన జ్ఞాపకంగా తపాలా బిళ్ల వేసింది. బెంగళూరు రిచ్‌మండ్ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. మావాళ్లు ఆ దారిన పనులకు పోతూనే ఉంటారు, సైప్రస్ మాత్రం ఎవరికీ తలపుకు రాదు.

1974లో కూడా శాంతిసేన నాయకుడు భారతీయుడే, లెఫ్టినెంట్ జనరల్ ప్రేమ్ చంద్. కానీ శాంతిసేన ఆపగలిగిన యుద్ధం కాదది. జూలై 15న గ్రీసు సైనిక పాలకుల అండతో అధ్యక్షుడు మకారియోస్‌ను కూలదోశారు. 20న టర్కీ సేన దీవిలో దిగింది. ఆగస్టు 14న రెండో దాడి. పైన విమానాలు, వెనక ట్యాంకులు. ఫామగూస్తాలోని గ్రీకు జనం దక్షిణానికి పరుగెత్తారు. నాలుగు రోజుల్లో తిరిగొస్తాం కదా అని తాళాలు వేసుకుని పోయారు. వెనకాల టర్కీ సైన్యం వరోషా చుట్టూ కంచె వేసింది.

తక్కిన ఫామగూస్తాలో తమ జనాన్ని కాపురం పెట్టించారు. వరోషాను మాత్రం ముట్టుకోలేదు. జాలిపడి కాదు, రేపు బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఒక ముక్క ఉండాలని. సొంతవాళ్లను తప్ప ఇంకెవరినీ అక్కడ నివాసం పెట్టించే ప్రయత్నం చెల్లదని 1984లో భద్రతా మండలి 550వ తీర్మానంలో చెప్పింది. తీర్మానం ఫైల్లో ఉంది, కంచె దాని చోటనే ఉంది. ఇళ్లలోని సామాను దోపిడీ అయింది. గచ్చులు పగిలి మొక్కలు మొలిచాయి. మనిషి అలికిడి లేని ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెట్టాయి. కంచెకు దక్షిణాన దెరీనియా అనే ఊళ్లో మిద్దెల మీద దుర్భిణులు పెట్టారు. ఊరు విడిచి వచ్చినవాళ్లు వాటిలోంచి తమ వీధి ఏదో, తమ ఇల్లు ఏదో వెతుక్కునేవారు. పక్కనే ఆయియా నాపా అనే జాలర్ల పల్లె, వరోషా పోగొట్టుకున్న పర్యాటకులతో పెద్ద విడిది ఊరైంది.

తిరిగి దక్కే అవకాశం ఒకసారి గడపదాకా వచ్చింది. దీవిని మళ్లీ కలపడానికి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేసిన ప్రతిపాదన ప్రకారం వరోషాను ముందు విడతలోనే అప్పగించాలి. 2004 ఏప్రిల్ 24న దానిమీద రెండు పక్షాలూ ఓటేశాయి. టర్కిష్ సైప్రియట్లు నూటికి 65 మంది సరే అన్నారు. గ్రీకు సైప్రియట్లు నూటికి 76 మంది వద్దన్నారు. ఆస్తులు, సైన్యం, భద్రత గురించి వాళ్ల భయాలు వాళ్లకున్నాయి, వాటిని తేలిగ్గా తీసెయ్యలేను. అయినా ఊరి పక్షాన నిలబడి చూస్తే ఆ లెక్క గుండెలో గుచ్చుకుంటుంది.

వరోషా చావు తేదీ చెప్పమంటే నేను 2020 అక్టోబరు 8 అంటాను. ఆరోజు కంచెలో ఒక భాగం తీసి, తీరాన్నీ కొన్ని వీధుల్నీ సందర్శకులకు వదిలారు. మూసి ఉన్నన్నాళ్లూ అది ఎవరో తిరిగి రావలసిన ఊరు. తెరిచాక చూసిపోయే చోటు. కొత్తగా తారు వేసిన దారులున్నాయి, సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. కూలిపోతున్న మేడల ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. శవం పక్కన నవ్వుతూ నిలబడేవాణ్ణి మా ఊళ్లో అయితే నలుగురూ పట్టుకుని మందలిస్తారు. పాపం, వచ్చినవాళ్ల తప్పూ లేదు. అక్కడ ఏం పోయిందో చెప్పేవాళ్లు ఉండాలి కదా.

దారి పక్కన తాళ్లు కట్టి ఉంటాయి. వాటిని దాటకూడదు, ఏ మేడలోకీ పోకూడదు. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయి చూడ్డానికి వస్తే, వాళ్లకూ అదే నిబంధన.